‘గో’ క్రియకు భూతకాలం ‘వెంట్’ ఎలా అయింది? పుట్టుక, అర్థం, వాడుక గురించి

ప్రశ్న (ఇంగ్లీషు ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. క్రియల మూడు రూపాల పట్టిక వల్లె వేయిస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి విద్యార్థిని ఒక ప్రశ్న అడిగింది. దానికి ఆధారాలతో కూడిన జవాబు కావాలని ఇక్కడ రాస్తున్నాను.

‘వాక్’కు ‘వాక్‌డ్’, ‘ప్లే’కు ‘ప్లేడ్’ అని చివర ఒక ప్రత్యయం చేరుతుందంటే పిల్లలకు సులువుగా ఎక్కుతుంది. ‘సింగ్’ ‘సాంగ్’గా, ‘రైట్’ ‘రోట్’గా మారినప్పుడు నడుమ ఉన్న అచ్చు మారుతుందే గాని హల్లులు నిలిచే ఉంటాయి కనుక రెండూ ఒకే మాట అని గుర్తుపట్టగలరు. ‘గో’, ‘వెంట్’ అనే జతలో మాత్రం ఒక్క ధ్వని కూడా కలవదు. ఇవి రెండూ ఒకే క్రియ రూపాలని చెప్పడానికి ఆధారం ఏమిటి? అసలు ‘గో’కు సొంత భూతకాల రూపం ఎన్నడైనా ఉండేదా, ఉంటే ఎక్కడికి పోయింది?

దీనితో పాటు ఇంకొన్ని సందేహాలు కూడా ఉన్నాయి. ‘గో’ అనే ధాతువుకూ మనం ‘గమనం’, ‘గతి’ అనే మాటల్లో చూసే సంస్కృత ధాతువుకూ చుట్టరికం ఉందని కొందరు చెబుతారు. అది నిజమేనా? కదలికతో ఏ సంబంధమూ లేని చోట, అంటే రేపు చేయబోయే పనిని చెప్పేటప్పుడు, పదార్థం పాడైందని చెప్పేటప్పుడు కూడా ఇంగ్లీషువారు ఈ క్రియనే ఎందుకు వాడతారు? ‘హాజ్ గాన్’ అనీ ‘హాజ్ బీన్’ అనీ రెండు రూపాలు ఉండడం వల్ల పిల్లలు తికమకపడుతున్నారు. తీరిక ఉన్నవారు వీటిలో ఏ ఒక్కదానికి సమాధానం రాసినా మేలు చేసినవారవుతారు.

సమాధానం (పాత ఇంగ్లీషు అధ్యయనం చేసిన పాఠకుడు)

ఉపాధ్యాయిని గారికి, మీ విద్యార్థిని చాలా మంచి ప్రశ్న అడిగింది. ‘గో’, ‘వెంట్’ పుట్టుకతో ఒకే క్రియ రూపాలు కావు. రెండు వేరువేరు క్రియలు ఒకదానితో ఒకటి అతుక్కుని, నేడు ఒకటిగా చలామణీ అవుతున్నాయి.

పాత ఇంగ్లీషులో ‘గో’ ధాతువు ‘గా’ అనే దీర్ఘంతో పలికేది. ఆ ఆకారం తరువాతి కాలంలో ఓకారమైంది. ‘స్తాన్’ ‘స్టోన్’గానూ ‘హామ్’ ‘హోమ్’గానూ మారినది కూడా ఇదే దారిలో. వర్తమానం, భూత కృదంతం ఈ ‘గా’ నుంచే ఏర్పడేవి. నేటి ‘గాన్’ అనే మూడో రూపం ఆ కృదంతానికి వారసురాలు. భూతకాలానికి వచ్చేసరికి మాత్రం ఆనాటికే ‘గా’తో పొత్తు లేని ‘ఏఓదె’ అనే రూపం వాడుకలో ఉండేది. అంటే లిఖిత ఆధారాలు దొరికే అత్యంత ప్రాచీన దశలో సైతం ఇంగ్లీషులో ‘గో’కు సొంత భూతకాలం లేదు. అప్పటికే అది అరువు సొమ్ముతో గడుపుకుంటోంది. మొదట ‘గోడ్’ వంటి సక్రమ రూపం ఒకటి ఉండేదనీ తరువాత ఎవరో దాన్ని చెడగొట్టారనీ చాలామంది ఊహించుకుంటారు. ప్రామాణిక ఇంగ్లీషు చరిత్రలో అలాంటి రూపం కనబడదు.

ఇక ‘వెంట్’ సంగతి. పాత ఇంగ్లీషులో ‘వెండన్’ అనే క్రియ ఉండేది. ‘తిప్పు, మళ్ళించు, మళ్ళు’ అని దాని అర్థం. ‘చుట్టు, మెలితిప్పు’ అనే అర్థంలో నేడు వాడే ‘వైండ్’కు అది ప్రేరణార్థక రూపం. ‘వాండర్’ కూడా ఈ కుటుంబానికి చెందినదే. ‘ఫలానా వైపు మళ్ళాడు’ అనే మాట వాడగా వాడగా ‘ఫలానా చోటికి వెళ్ళాడు’ అనే అర్థంలో స్థిరపడింది. 14వ శతాబ్దం చివర ఇంగ్లీషు కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల ప్రస్తావనలో యాత్రికులు ఇంగ్లండు నలుమూలల నుంచి కాంటర్‌బరీకి వెళతారని చెప్పిన చోట వాడిన క్రియ ఇదే. అక్కడ అది భూతకాలం కాదు, వర్తమానం. అంటే ఆ నాటికి ‘వెండ్’ అన్ని కాలాల్లోనూ స్వతంత్రంగా వాడుకలో ఉన్న క్రియ.

దాని భూతకాలం ‘వెంట్’ కావడంలో వింత ఏమీ లేదు. ‘సెండ్’కు ‘సెంట్’, ‘బెండ్’కు ‘బెంట్’, ‘లెండ్’కు ‘లెంట్’, ‘స్పెండ్’కు ‘స్పెంట్’ ఎలాగో ‘వెండ్’కు ‘వెంట్’ అలాగే. తరగతిలో ఈ వరుసను నల్లబల్ల మీద రాసి చివర ‘వెండ్–వెంట్’ చేరిస్తే పిల్లలు తామే పోల్చుకుంటారని నా నమ్మకం.

మధ్య ఇంగ్లీషు కాలంలో ‘ఏఓదె’ ధ్వని అరిగి పలచబడి, ప్రాంతానికొక తీరుగా పలికే రూపాలుగా విడిపోయింది. ఆ స్థానంలోకి దక్షిణ ప్రాంతపు ఇంగ్లీషులో ‘వెంట్’ ప్రవేశించి, ఇంచుమించు 1500 నాటికి ‘గో’ భూతకాలంగా పూర్తిగా స్థిరపడింది. సొంత భూతకాలాన్ని ఇలా పోగొట్టుకున్న ‘వెండ్’ తన కోసం ‘వెండెడ్’ అనే కొత్త రూపం తయారు చేసుకుంది. నేడు అది ‘దారి పట్టి మెల్లగా సాగిపోవు’ అనే అర్థంలో ఒకటి రెండు పలుకుబళ్ళలో మాత్రమే మిగిలి ఉంది.

ఉత్తరాన కథ మరో రకంగా నడిచింది. స్కాట్లండు వాడుకలో ‘గో’ను ‘గే’ అంటారు, దాని భూతకాలం ‘గేడ్’. అంటే వారు ఉన్న ధాతువుకే ప్రత్యయం తగిలించి సక్రమ రూపాన్ని కట్టుకున్నారు. ‘గోడ్’ ఎందుకు లేదని మీ విద్యార్థిని మళ్ళీ అడిగితే, దానికి సోదర రూపం స్కాట్లండులో ఉందని నిశ్చింతగా చెప్పవచ్చు. దక్షిణ ప్రాంతపు వాడుక ప్రామాణిక భాషకు పునాది కావడం వల్ల మనకు ‘వెంట్’ దక్కింది.

వేరువేరు ధాతువుల రూపాలు కలిసి ఒకే క్రియగా చెల్లడం ఇంగ్లీషుకే పరిమితమైన విషయం కాదు. 1899లో హెర్మన్ ఓస్ట్‌హాఫ్ అనే జర్మన్ పండితుడు ఇండో యూరోపియన్ భాషల్లోని (సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు వంటివి ఉన్న భాషా కుటుంబం) ఇలాంటి జతలన్నిటినీ ఒక గ్రంథంలో పరిశీలించాడు. ఫ్రెంచిలో ‘వెళ్ళు’ అనే క్రియ రూపాలు ఒకటికి మించిన ధాతువుల నుంచి వచ్చాయి. స్పానిష్‌లోనైతే ‘వెళ్ళాను’ అనడానికీ ‘అయ్యాను’ అనడానికీ ఒకే రూపం చెల్లుతుంది.

సమాధానం (సంస్కృతాభిమాని)

పై సమాధానం వివరంగా ఉంది. నాకు తెలిసిన రెండు మాటలు చేరుస్తాను. వేరే ధాతువు వచ్చి చేరడం అనే సంగతి మన వ్యాకర్తలకు ఎప్పుడో తెలుసు. సంస్కృతంలో ‘చూచు’ అనే అర్థంలో ధాతువు ‘దృశ్’. దాని నుంచి ‘దృష్టి’, ‘దర్శనం’ వచ్చాయి. కాని వర్తమానంలో ‘చూస్తున్నాడు’ అనడానికి ‘పశ్యతి’ అంటారు. ‘దృశ్’కూ ‘పశ్య’కూ ధ్వనిలో పోలిక లేదు. పాణిని దీన్ని ఆదేశం అన్నాడు, అంటే ఒకదాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చోవడం. ‘ఉండు’ అనే అర్థంలోని ‘అస్’ ధాతువు కొన్ని రూపాల్లో ‘భూ’గా మారుతుందని ‘అస్తేర్భూః’ అని సూత్రమే చేశాడు.

ఇంగ్లీషులోని ‘బీ’ క్రియను దీని పక్కన పెట్టి చూడండి. ‘ఆమ్’, ‘ఈజ్’ రూపాలు మన ‘అస్తి’కి సోదరులు. ‘బీ’, ‘బీన్’ రూపాలు ‘భవతి’లోని ‘భూ’కు సోదరులు. ‘వాజ్’, ‘వర్’ రూపాలు నివసించడం అనే అర్థంలో మనం ‘వసతి’, ‘వాసం’ అని వాడే ‘వస్’కు సోదరులు. మూడు ధాతువులు ఒక క్రియలో ఇమిడాయి. ఆ మూడింటి పిల్లలూ తత్సమాలుగా మన తెలుగులో రోజూ తిరుగుతున్నాయి. పిల్లలకు దీన్ని చెబితే ‘ఈజ్’, ‘వాజ్’, ‘బీన్’ అనేవి అర్థం లేని పట్టికగా కనిపించవు.

‘గో’ విషయానికి వస్తే, అది మన ‘గమ్’ ధాతువుకు దగ్గరిదేనని నా అభిప్రాయం. రెండింటిలోనూ గకారమే ఉంది, అర్థమూ ఒకటే.

సమాధానం (భాషాశాస్త్ర విద్యార్థిని)

‘అస్’, ‘భూ’, ‘వస్’ గురించి సంస్కృతాభిమాని గారు చెప్పినది అక్షరాలా నిజం. ‘గో’, ‘గమ్’ ఒకటేనన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. అసలు సంగతి అంతకంటే ఆసక్తికరంగా ఉంటుంది. ‘గమ్’కు ఇంగ్లీషులో ఉన్న తోబుట్టువు ‘కమ్’, అంటే ‘వచ్చు’ అనే క్రియ.

మూల ఇండో యూరోపియన్ భాషలోని గకారం సంస్కృతంలో చాలా చోట్ల గకారంగానో జకారంగానో నిలిచింది. జర్మానిక్ శాఖలో, అంటే ఇంగ్లీషు పుట్టిన శాఖలో, అది కకారంగా మారింది. ఇది ఒకటి రెండు మాటలకు పరిమితమైన మార్పు కాదు. ‘యుగం’ అంటే కాడి అనే అర్థం కూడా ఉంది కదా, దానికి ఇంగ్లీషులో జోడు ‘యోక్’. మోకాలు అనే అర్థంలోని ‘జాను’కు జోడు ‘నీ’, ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’కు జోడు ‘నో’. ఈ రెండింటినీ ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదట పలకని కకారం ఒకటి ఈనాటికీ ఉంటుంది. ఒకప్పుడు దాన్ని పలికేవారు. ఇక ఆవు అనే అర్థంలోని సంస్కృత ‘గో’ శబ్దానికి ఇంగ్లీషు జోడు ‘కౌ’. ‘గో’ శబ్దం ‘కౌ’ అయిన తీరులోనే ‘గమ్’ కూడా ‘కమ్’ అయింది. సంస్కృతంలో గకారం ఉన్న మాటకు ఇంగ్లీషులో గకారమే ఉన్న మాట దొరికితే, అది చుట్టమని సంతోషించే ముందు ఒక్క క్షణం అనుమానించడం మంచిది.

వెళ్ళడం, రావడం అనే ఎదురెదురు అర్థాలు ఒకే ధాతువుకు ఎలా వచ్చాయన్న సందేహం కలుగుతుంది. అడుగు వేయడం అనే కదలికే మూలార్థం. ఎటువైపు అన్నది తరువాత ఒక్కో భాష ఒక్కో రకంగా తేల్చుకుంది. సంస్కృతంలో ‘గమ్’ ముందు ‘ఆ’ అనే ఉపసర్గ చేరిస్తే ‘ఆగమనం’ అవుతుంది, అంటే రాక. దిక్కు మారడానికి ఆ చిన్న ఉపసర్గ చాలింది.

ఇంగ్లీషు ‘గో’కు సంస్కృతంలో ఎవరైనా చుట్టం ఉన్నారా అంటే, ‘విడుచు’ అనే అర్థంలోని ‘హా’ ధాతువును పలువురు నిరుక్తకారులు సూచిస్తారు. ‘హాని’, ‘హీనం’ అనే మాటలు దాని నుంచి వచ్చినవే. ఉన్న చోటు విడిచిపోవడం అనే భావం రెండింటినీ కలుపుతుంది. పాత ఇంగ్లీషులోని ‘ఏఓదె’ను సాధారణంగా ‘ఇ’ ధాతువు కుటుంబంలో చేరుస్తారు. ‘ఉత్తరాయణం’, ‘దక్షిణాయనం’ అనే మాటల్లోని ‘అయనం’ ఆ ధాతువుదే. లాటిన్ ద్వారా ఇంగ్లీషుకు చేరిన ‘ఎగ్జిట్’, ‘ట్రాన్సిట్’ కూడా అక్కడివే.

మన తెలుగు సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ‘వచ్చాడు’, ‘వస్తాడు’ అంటాం. కాని ఆజ్ఞాపించేటప్పుడు ‘రా’, వ్యతిరేకంలో ‘రాడు’, ‘రాలేదు’ అంటాం. పైకి చూస్తే ఇది కూడా ‘గో–వెంట్’ వంటి జతలాగే ఉంటుంది. నిజానికి రెండూ ఒకే ధాతువు రూపాలు. తమిళంలో అది ‘వరు’. తెలుగులో పదాది అచ్చు స్థానం మార్చుకునే లక్షణం ఒకటి ప్రాచీన కాలంలో బలంగా పనిచేసింది. తమిళంలో ‘ఇరండు’ అయినది మనకు ‘రెండు’, అక్కడి ‘ఉరల్’ మనకు ‘రోలు’. అదే తీరులో ‘వరా’ అనదగిన రూపం ‘వ్రా’ అయి, వకారం జారిపోయి ‘రా’గా మిగిలింది. ‘అగు’ అనే క్రియకు వ్యతిరేక రూపం ‘కాదు’ కావడానికీ ఇదే కారణం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద చేసిన పరిశోధనలో ఈ మార్పును విపులంగా చర్చించారు. నిజంగా వేరే ధాతువు వచ్చి చేరిన జత తెలుగులో కావాలంటే ‘ఉన్నాడు–లేడు’ చూపవచ్చు. ‘లేడు’లోని ధాతువు తమిళ ‘ఇల్లై’కి బంధువు, ‘ఉండు’తో దానికి పుట్టుసంబంధం లేదు.

కనుక రూపాలు వేరుగా కనిపించినంత మాత్రాన ధాతువులు వేరని చెప్పలేం, ‘రా’, ‘వచ్చు’ అందుకు సాక్ష్యం. ధ్వని కలిసినంత మాత్రాన ధాతువులు ఒకటని కూడా చెప్పలేం, ‘గో’, ‘గమ్’ అందుకు సాక్ష్యం. ప్రతి జతనూ దాని చరిత్రతో పరీక్షించాల్సిందే.

సమాధానం (సంస్కృతాభిమాని)

‘గో’ శబ్దం ‘కౌ’ అయిందన్న ఉదాహరణతో విషయం తేటతెల్లమైంది. ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. భాషలో మిగతా క్రియలన్నీ నెమ్మదిగా సక్రమ రూపాల వైపు వస్తుంటే, ఇలాంటి అతుకుల క్రియలు ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచాయి?

సమాధానం (పాత ఇంగ్లీషు అధ్యయనం చేసిన పాఠకుడు)

అతిగా వాడడమే వాటిని కాపాడింది. ఎప్పుడో ఒకసారి వినిపించే క్రియకు భూతకాలం గుర్తురాకపోతే, మాట్లాడేవారు అలవాటైన ప్రత్యయం తగిలించేస్తారు. ‘హెల్ప్’ క్రియకు ఒకప్పుడు ‘హోల్ప్’ అనే భూతకాలం ఉండేది, అది అలాగే ‘హెల్ప్‌డ్’ అయింది. ‘వెంట్’ను మాత్రం పసిబిడ్డ కూడా రోజుకు ఎన్నోసార్లు వింటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలు మూడు నాలుగేళ్ళ వయసులో ప్రత్యయ సూత్రం పట్టుబడగానే ‘గోడ్’ అనడం సర్వసాధారణం. చుట్టూ అందరూ ‘వెంట్’ అనడం విని వారే దిద్దుకుంటారు.

దీని మీద లెక్క కట్టి చూసినవారు ఉన్నారు. హార్వర్డ్ పరిశోధకులు 2007లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో పాత ఇంగ్లీషు నుంచి 177 అక్రమ క్రియలను తీసుకుని వాటి గతిని పరిశీలించారు. వాటిలో 145 క్రియలు మధ్య ఇంగ్లీషులోనూ, 98 క్రియలు నేటి ఇంగ్లీషులోనూ అక్రమంగానే మిగిలాయి. ఒక క్రియ మరొకదానికంటే 100 రెట్లు తక్కువగా వాడుకలో ఉంటే, అది 10 రెట్లు వేగంగా సక్రమమవుతుందని వారు తేల్చారు. ఈ లెక్కన ‘గో’కు ‘గోడ్’ రావడం మన మనుమల మనుమలు కూడా చూడరు.

సమాధానం (అనువాదకుడు)

ఉపాధ్యాయిని గారు అర్థం, వాడుకల గురించి అడిగినది ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. నేను వృత్తిరీత్యా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదిస్తుంటాను. ఈ క్రియ మన ‘పోవు’తో ఎంత దూరం జతగా నడుస్తుందో చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

మొదట ‘గో’కు కాలినడకన సాగడం అనే అర్థం బలంగా ఉండేది. గుర్రమెక్కి వెళ్ళడానికి ‘రైడ్’ అనీ, నడిచి వెళ్ళడానికి ‘గో’ అనీ వేరు చేసి చెప్పేవారు. క్రమంగా ఆ నడక అర్థం పలచబడి ఏ కదలికకైనా చెల్లింది. ఆ తరువాత కదలిక కూడా అక్కరలేని చోట్లకు పాకింది.

భవిష్యత్తును చెప్పే ‘గోయింగ్ టు’ సంగతి చూద్దాం. ‘తినడానికి వెళుతున్నాను’ అనే వాక్యంలో కదలిక ఉంది, దాని వెనుక ఉద్దేశం ఉంది, ఆ పని ఇంకా జరగలేదన్న సూచనా ఉంది. కాలక్రమంలో కదలిక జారిపోయి, ఉద్దేశం, జరగబోవడం అనే రెండే మిగిలాయి. 15వ శతాబ్దం చివరి నుంచి ఇలాంటి వాడుకలు కనిపిస్తాయి. 1646 నాటి ఒక ఇంగ్లీషు వ్యాకరణం దీన్ని భవిష్యత్తును సూచించే పద్ధతిగా పేర్కొంది. కదలిక పూర్తిగా పోయిందనడానికి సాక్ష్యం, వాన గురించి కూడా ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అనగలగడం. వాన ఎక్కడికీ నడిచి వెళ్ళదు.

మనం ‘తినబోతున్నాను’, ‘వాన పడబోతోంది’ అంటాం కదా, అందులోని ‘బో’ మన ‘పోవు’ క్రియే. ‘తినన్’ అనే ద్రుతాంతం మీద ‘పోవు’ చేరినప్పుడు సరళాదేశ సంధి వల్ల పకారం బకారమైంది. తమిళులు కూడా ‘సెయ్యప్ పోగిరేన్’ అని ‘పో’ క్రియతోనే జరగబోయే పనిని చెబుతారు. ఇంగ్లీషు నేర్చుకుని మనం ఇలా అనడం మొదలుపెట్టలేదు. మనిషి ఆలోచన రెండు వేరువేరు భాషా కుటుంబాల్లో ఒకే బాట వేసుకుంది.

పోలిక అక్కడితో ఆగదు. వాడుక ఇంగ్లీషులో ‘గోయింగ్ టు’ అరిగి ‘గొన్నా’ అయింది. ‘ఐ యామ్ గొన్నా ఈట్’ అనవచ్చు, కాని బడికి వెళుతున్నానని చెప్పడానికి ‘ఐ యామ్ గొన్నా స్కూల్’ అనకూడదు. నిజమైన కదలిక ఉన్న చోట పూర్తి రూపమే పలకాలి. తెలుగులో కూడా ‘బడికి పోతున్నాను’ అన్నప్పుడు పకారం నిలుస్తుంది, ‘చదవబోతున్నాను’ అన్నప్పుడే బకారం వస్తుంది. మనది సంధి వల్ల, వారిది ఉచ్చారణ అరగడం వల్ల, కనుక కారణాలు వేరు. అయినా కదలికను చెప్పే క్రియా కాలాన్ని చెప్పే క్రియా చెవికి వేరుగా వినిపించడం రెండు చోట్లా జరిగింది. భూతకాలంలోనూ ఇంతే. ‘హీ వాజ్ గోయింగ్ టు సే’ అంటే చెప్పాలనుకున్నాడు గాని చెప్పలేదనే ధ్వని ఉంటుంది. ‘చెప్పబోయి ఆగిపోయాడు’ అనే మన వాక్యంలో ‘పోవు’ రెండుసార్లు వచ్చింది. మొదటిది జరగని పనిని, రెండోది ముగిసిన పనిని చెబుతోంది.

ఆ రెండో ‘పోవు’ దగ్గరే ‘గో’ క్రియ మరో వాడుక ఉంది. ‘గో బ్యాడ్’ అంటే చెడిపోవడం, ‘గో బ్లైండ్’ అంటే చూపు పోవడం, ‘గో మిస్సింగ్’ అంటే కనబడకుండా పోవడం. ‘వెంట్ అన్‌నోటీస్‌డ్’ అనే మాటను తెలుగులోకి తేవడానికి నేను ఎన్నడూ కష్టపడలేదు, ‘ఎవరి కంటా పడకుండా పోయింది’ అని కలం దానంతటదే రాస్తుంది. మామూలు స్థితి నుంచి చెడు వైపు జారడాన్ని ఇంగ్లీషు ‘గో’తో చెబుతుంది, కోరుకున్న స్థితికి చేరడాన్ని తరచుగా ‘కమ్’తో చెబుతుంది. కల నిజమైతే ‘కమ్ ట్రూ’, ప్రాణం పోసుకుంటే ‘కమ్ అలైవ్’. మనకూ స్పృహ పోతుంది, స్పృహ వస్తుంది. మాట్లాడేవాడు తానున్న మంచి స్థితిని ఇల్లుగా భావించి, అక్కడి నుంచి దూరమయ్యేదాన్ని పోవడమనీ, అక్కడికి చేరేదాన్ని రావడమనీ అంటున్నాడని దీన్ని వివరిస్తారు.

ఇది కచ్చితమైన సూత్రం కాదని తరగతిలో తప్పక చెప్పండి. ముడి ఊడిపోతే ఇంగ్లీషులో ‘కమ్ అన్‌డన్’ అంటారు, అందులో కోరుకోదగినది ఏమీ లేదు. ‘గో లైవ్’, ‘గో వైరల్’ అనే కొత్త మాటల్లో చెడు ఏమీ లేదు. రంగు మారినప్పుడు వాడే ‘గో రెడ్’ మంచికీ చెడుకూ అతీతం. మన ‘నిద్రపోవు’లో కూడా చెడు లేదు కదా.

అనుబంధ ప్రశ్న (ఇంగ్లీషు ఉపాధ్యాయిని)

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. ‘సెండ్–సెంట్’, ‘వెండ్–వెంట్’ వరుసను ఈ వారమే పాఠంలో చేరుస్తాను. ‘హాజ్ గాన్’, ‘హాజ్ బీన్’ విషయం ఒక్కటే మిగిలింది. ‘బీన్’ అనేది ‘బీ’ క్రియ రూపమైనప్పుడు, అది ‘వెళ్ళడం’ అనే అర్థాన్ని ఎలా ఇస్తుంది?

సమాధానం (అనువాదకుడు)

పిల్లలకు నేనైతే ‘వెళ్ళాడు’, ‘వెళ్ళొచ్చాడు’ అనే రెండు తెలుగు మాటలతో మొదలుపెడతాను. ‘షీ హాజ్ గాన్ టు లండన్’ అంటే ఆమె లండన్ వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు, అక్కడో దారిలోనో ఉంది. ‘షీ హాజ్ బీన్ టు లండన్’ అంటే ఎప్పుడో ఒకప్పుడు లండన్ వెళ్ళొచ్చింది, ఇప్పుడు అక్కడ లేదు. ‘అక్కడ ఉండి వచ్చింది’ అనే భావం నుంచి ‘బీన్’కు ఈ అర్థం అబ్బింది కనుకనే, అది ‘హావ్’, ‘హాజ్’, ‘హాడ్’ల తోడు ఉన్నప్పుడే ఇలా పనిచేస్తుంది. ‘ఐ వాజ్ టు లండన్’ అంటే తప్పు.

ఈ తేడా పట్టుబడితే మరో సంగతి కూడా తేలికవుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి తన గురించి తాను ‘ఐ హావ్ గాన్ టు లండన్’ అంటే వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే లండన్ వెళ్ళి ఇంకా రాని మనిషి ఇక్కడ కూర్చుని మాట్లాడడం కుదరదు. అక్కడ ‘బీన్’ అనాలి.

సమాధానం (భాషాశాస్త్ర విద్యార్థిని)

దీనికి ఒక్క చేర్పు. ఎప్పుడు వెళ్ళారో చెప్పిన వెంటనే ‘గాన్’, ‘బీన్’ రెండూ తప్పుకోవాలి. తెలుగు మాతృభాషగా ఉన్నవారి రాతల్లో ‘ఐ హావ్ గాన్ టు లండన్ లాస్ట్ ఇయర్’ అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. పోయిన ఏడాది, నిన్న, 2019లో అని కాలం తేల్చి చెప్పినప్పుడు ‘ఐ వెంట్ టు లండన్ లాస్ట్ ఇయర్’ అనే రాయాలి. ‘ఎప్పుడైనా వెళ్ళారా’ అని అడిగేటప్పుడు ‘హావ్ యు ఎవర్ బీన్’, ‘ఎప్పుడు వెళ్ళారు’ అని అడిగేటప్పుడు ‘వెన్ డిడ్ యు గో’ అని రెండు ప్రశ్నలను పక్కపక్కన రాయించి, వాటికి జవాబులు పిల్లల చేత చెప్పించండి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పే ప్రతిసారీ వారి నోట ‘వెంట్’ రాక తప్పదు.